రెండు ఊళ్ల దేవుళ్లు ఒకే నాణెం మీద ఎందుకు?

ప్రశ్న: ఒక వేలం కేటలాగులో కంచు నాణెం ఫొటో చూశాను. బొమ్మ వైపు రోమన్ చక్రవర్తి కొమొడస్. బొరుసు వైపు పాము చుట్టుకున్న కర్రతో వైద్య దేవుడు అస్క్లేపియస్, ఎదురుగా ఎఫెసస్ దేవత ఆర్టెమిస్. చుట్టూ పెర్గమమ్, ఎఫెసస్ పేర్లు, 'హోమోనోయా' అన్న మాట. ఈ రెండు ఊళ్లూ యుద్ధం ఆపి సంధి చేసుకున్నాయా?

జవాబు 1: యుద్ధమా? రెండూ రోమ్ ఏలుబడిలో, ఆసియా అనే ప్రావిన్సులోనే (ఇప్పటి టర్కీ పడమటి భాగం) ఉంటే ఇంకెక్కడి యుద్ధం! హోమోనోయా అంటే ఏకమనస్కత, సఖ్యత. అస్క్లేపియస్ పెర్గమమ్ తరఫున, ఆర్టెమిస్ ఎఫెసస్ తరఫున నిలబడ్డారు. ఆ ఊళ్ల పోట్లాటంతా బిరుదుల కోసం. 'ఆసియాలో మొదటి నగరం' ఎవరు, చక్రవర్తి ఆరాధనకు ఎవరికెన్ని గుళ్లు అనే పంతం పెర్గమమ్, ఎఫెసస్, అదే ప్రావిన్సులోని స్మిర్నా మూడింటికీ ఉండేది. స్మిర్నా వాళ్లు ఒక తీర్మానంలో ఎఫెసస్ బిరుదులు రాయకపోతే ఆ గొడవ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ దాకా వెళ్లింది. పొరపాటున జరిగి ఉంటుందిలే, మీరు కూడా వాళ్ల బిరుదులు సరిగ్గా రాయండి అని ఆయన ఎఫెసస్‌కి ఉత్తరం రాశాడు. పాపం, చక్రవర్తికి అంతకన్నా పనులు లేవా అనిపిస్తుంది.

జవాబు 2: అందుకే సఖ్యత అన్న మాట కనబడగానే మురిసిపోకూడదు. పక్క ప్రావిన్సు బిథినియాలో నికొమీడియా, నైసియా అనే ఊళ్లు కూడా 'మొదటి' అన్న బిరుదు కోసమే కొట్టుకునేవి, ఇలాంటివి చూసి రోమన్లు నవ్వుకుంటున్నారని గ్రీకు వక్త డియో క్రిసోస్టమ్ నికొమీడియా వాళ్ల మొహం మీదే చెప్పాడు. అయితే అన్నిటి వెనకా తగాదానే ఉందనుకోవద్దు. పండగలు, ఆటల పోటీలు, వ్యాపారం కూడా కారణం కావచ్చు. ఎఫెసస్‌కి సముద్రం అవతల ఈజిప్టులో ఉన్న అలెగ్జాండ్రియాతో కూడా ఇలాంటి నాణేలున్నాయి మరి.

ప్రశ్న అడిగినవారు: మరి దీన్ని ముద్రించింది ఎవరు? రెండు పేర్లూ ఉన్నాయే.

జవాబు 1: మామూలుగా ముందున్న పేరే ముద్రించిన ఊరిది, కానీ అన్నిసార్లూ కాదు. బొమ్మ వైపు చూడండి, అదే అచ్చుతో కొట్టిన మామూలు నాణేలు ఏ ఊరివో తెలిస్తే దాదాపు తేలిపోతుంది. ఒకే పనివాళ్లు రెండు మూడు ఊళ్లకు అచ్చులు చెక్కిన సందర్భాలున్నాయి, కాబట్టి ఒట్టి పోలిక చూసి తేల్చేయకండి. ఇంకోటి, నాణేల మీద స్మిర్నా పేరు చాలాసార్లు స-కి బదులు జ-తో మొదలవుతుంది, అచ్చుతప్పు అనుకోవద్దు, వాళ్లు అలాగే రాసేవాళ్లు.