ఓటింగే లేకుండా క్వేకర్లు రాజకీయ నిర్ణయాలు ఎలా తీసుకుంటారు?

నమస్తే అండీ. మేం ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాం. మా వీధి చివర క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల మీటింగ్ హౌస్ (ప్రార్థన మందిరం) ఉంది. మొన్న ఆదివారం ఊరికే చూద్దామని వెళ్లాను. పాస్టర్ లేడు, పాటలు లేవు. చెక్క బెంచీల మీద గంటసేపు మౌనం. మధ్యలో ఒక పెద్దావిడ లేచి, గాజా పిల్లల గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. అంతే.

అప్పట్నుంచి వీళ్ల గురించి చదువుతున్నాను. ఆయుధం పట్టబోమని 1660లోనే ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు రాసిచ్చారట. 1756లో పెన్సిల్వేనియా గవర్నర్ డెలవేర్ అనే ఆదివాసీ తెగపై యుద్ధం ప్రకటిస్తే, చట్టసభలోని కొందరు క్వేకర్లు పదవులే వదులుకున్నారు. 1882లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాపై బ్రిటన్ నౌకాదళం గుళ్ల వర్షం కురిపించిందని జాన్ బ్రైట్ అనే క్వేకర్ బ్రిటన్ మంత్రివర్గం నుంచి తప్పుకున్నాడు. మరి వియత్నాం యుద్ధం నడిపిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్? ఆయనా క్వేకర్ ఇంట్లో పెరిగినవాడే! ఇక్కడే నా బుర్ర తిరిగింది.

అసలు సందేహం ఇది. వీళ్ల మీటింగుల్లో ఓటింగ్ ఉండదు, అందరి మనసూ ఒకచోటికి వచ్చేదాకా ఆగుతారు. కానీ 1943 నుంచి వాషింగ్టన్‌లో వీళ్లకో లాబీ సంస్థ ఉంది. కాంగ్రెస్‌లో బిల్లు రేపో మాపో అన్నప్పుడు ఈ నిదానం ఎలా కుదురుతుంది? ఒక్కరు ఒప్పుకోకపోతే పని ఆగిపోతుందా? మీటింగులకు వెళ్లే తెలుగువాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పరూ?