వేపా? వేమా? గళ్ళనుడికట్టులో పద్యపాదం వస్తే ఏం రాయాలి?

ఆదివారం గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) మీద చిన్న పంచాయితీ. అడ్డంలో ఆధారం "తినగ తినగ తియ్యనయ్యేది (2)". నేను వేప అని నింపాను, జవాబు వేము అట. రెండూ ఒకే చెట్టు, రెండింటికీ రెండేసి గడులు, మొదటి అక్షరం కూడా ఒకటే. మరి నాది తప్పెలా అవుతుందండీ?

— "తినగ తినగ" అని వేమన మాటే ఎత్తి ఇచ్చాక జవాబు కూడా ఆయన నోటి నుంచే రావాలి కదండీ. "అనగననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు". మనం ఇంట్లో వేపచెట్టు అంటాం గానీ పద్యంలో ఉన్నది వేము. అయినా రెండో గడిలోంచి నిలువుగా ఏం దిగుతోందో చూశారా? "ముక్కుకి పెట్టుకునేది" అని ఉంది. ముక్కెర వస్తుంది, పక్కెర రాదుగా! ఆ నిలువు లేకపోయుంటే మాత్రం నేనూ మీ పక్షమే, రెండు జవాబులకూ తావిచ్చిన తప్పు కూర్చినవాళ్ళదే.

అసలు గొడవ వేము దగ్గర కాదు, సంధి దగ్గర. ఇంగ్లీషు వాళ్ళకి గడికో అక్షరం, మనకి గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒకే గడి, అందుకే సంధి జరిగిన చోట గడి మొత్తం మారిపోతుంది. శ్రీశ్రీ "కాదేదీ కవిత కనర్హం" తీసుకోండి. "కవితకు ఏదీ ఇది కాదు (3)" అని అడిగితే జవాబు అనర్హం. అదే "కాదేదీ కవిత - - - (3)" అని ఖాళీ వదిలితే కనర్హం రాయాలి. రెండూ మూడేసి గడులే, మొదటి గడిలో ఒకచోట అ, ఇంకోచోట క. నిలువు ఆధారం కొరుకుడు పడకపోతే ఇక జుట్టు పీక్కోవడమే. పోతన "ఇందు గలడందు లేడని"లో అందు అడగాలన్నా ఇదే చిక్కు, ఖాళీ పెడితే "డందు" అని రాయాలి, అదేం మాటండీ? నా లెక్క ఒకటే: వాక్యం ఎత్తి ఇస్తే సంధి ఉన్నది ఉన్నట్టు, అర్థం ఇచ్చి అడిగితే విడి మాట. మధ్యేమార్గం పెడితే పూరించేవాడి ప్రాణం మీదికి వస్తుంది.

— సార్, అసలు ఖాళీలు పూరించే ఆధారాలంటేనే నాకు చిరాకు. అది పదో తరగతి పరీక్ష, పజిల్ కాదు. తెలిసిన మాటే తప్పుదారి పట్టించాలి, అప్పుడు మజా. "మొదట్లోనే రాసేవాడికి అడ్డం పడ్డ పక్షి కాలు (4)" అన్నారనుకోండి, ఏ కాకో కొంగో అని కాసేపు తిరిగాక హంసపాదు తడుతుంది. రాతలో ఒక అక్షరం జారిపోతే ఇక్కడ చేర్చాలని కింద పెట్టే గుర్తు అది, అందుకే "ఆదిలోనే హంసపాదు" అంటాం. ఆధారంలో సామెత ముక్క ఒక్కటీ లేదు చూడండి.

నాకు బాగా నచ్చే రకం ఇంకోటి. అడ్డంలో "డామిట్! గిరీశానికి ఇలా తిరిగింది (2)". జవాబు థక! కన్యాశుల్కం చివర కథే అడ్డం తిరిగింది కాబట్టి అడ్డం వరసలో కథని తిప్పి రాయాలి. థక అనే మాటే లేదు కదా అని ముందు కొట్టేస్తాం, తీరా నిలువులో పథకం పడి థ బయటపడ్డాక నవ్వొస్తుంది.

— మరి డామిట్‌నే జవాబుగా పెట్టొచ్చుగా? 😀

— పెట్టొచ్చమ్మా, కానీ మూడో గడిలో పొల్లు ట్ వస్తుంది. అచ్చ తెలుగు మాట అచ్చుతోనో సున్నాతోనో ఆగుతుంది, పదం మధ్యలో పొల్లు వస్తే పక్క హల్లు ఒత్తుగా మారి దానితో కలిసిపోతుంది. నిలువులో ఆ ట్ దొరకాలంటే ఏ టికెట్టో... కాదు కాదు, "టికెట్" చివరే దొరకాలి. అందుకే ఇలాంటివి గడుల అంచుకో, నల్లగడి పక్కకో తోసేస్తారు. ఆరుద్ర, శ్రీశ్రీ లాంటివాళ్ళు కూడా సరదాపడి గళ్ళు కూర్చారంటే ఈ తిప్పలు ముచ్చటగానే ఉండి ఉంటాయి.

— ఒక ఫిర్యాదు నాది కూడా. "తెలుగు ఇలాంటిదని మొదట అన్నది రాయలే (2)" అని ఎక్కడో చూశాను. లెస్స అని నింపాను గానీ ఆ "మొదట" ఒప్పుకోను. ఆముక్తమాల్యదలో "దేశభాషలందు తెలుగు లెస్స" ఉన్నమాట నిజమే, కానీ అంతకు ముందే క్రీడాభిరామంలో "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందు తెలుగు లెస్స" అని ఉంది. జవాబు మారదు, ఆధారం మాత్రం తప్పు. కొటేషన్ వాడేవాళ్ళు పేరు తగిలించే ముందు ఒకసారి పుస్తకం తిరగేస్తే బాగుంటుంది.

— ఒప్పుకున్నానండీ, నాది వేప కాదు వేమే. ఇంతకీ 9 నిలువు ఎవరికైనా వచ్చిందా? "అంగట్లో అన్నీ ఉన్నా అల్లుణ్ణి వదలనిది (2)".

— శని. ఇందులో మాత్రం పేచీ లేదు లెండి.