తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలు కూలింది పనివాళ్ల వల్లా, మార్కు వల్లా?

గోదారి గట్టు:
1990లో తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. "కమ్యూనిజంలో ఎవరూ ఒళ్లొంచి పని చేయలేదు, మార్కెట్ రాగానే బండారం బయటపడింది" అంటారు చాలామంది. నేను ఒప్పుకోలేను. మీరేమంటారు?

లెక్కల పంతులు:
బండారం బయటపడిన మాట నిజమేనండీ. ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పశ్చిమ జర్మనీ కార్మికుడి ఉత్పత్తిలో మూడో వంతు దగ్గరే ఉండేదని అంచనా. తూర్పు జర్మనీలో తయారైన ట్రబాంట్ కారునే చూడండి. టూ స్ట్రోక్ ఇంజిన్, పత్తి వ్యర్థాన్ని రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన బాడీ. అయినా బుక్ చేసుకుని పదేళ్లకు పైగా ఎదురుచూసేవాళ్లు. కొనేవాడికి వేరే దిక్కు లేనప్పుడు కంపెనీకి కారు బాగుచేయాలని ఎందుకుంటుంది?

గోదారి గట్టు:
కారు పాతదే, కాదనను. కానీ ట్రబాంట్ తయారైన త్స్వికావ్ పక్కనే, మోసెల్‌లో, ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ పెట్టింది. ట్రబాంట్ బిగించిన చేతులే అక్కడ గోల్ఫ్ కార్లు బిగించాయి. మారింది మిషన్లు, విడిభాగాల సరఫరా. ఇందులో సోమరితనం ఎక్కడుంది?

అసలు దెబ్బ 1990 జూలై 1న పడింది. ఆ రోజు తూర్పు జర్మనీ కరెన్సీ అయిన తూర్పు మార్కుల్లో ఉన్న జీతాలను ఒకటికి ఒకటి లెక్కన పశ్చిమ జర్మనీ మార్కుల్లోకి మార్చారు. అంతకుముందు ఎగుమతిలో ఒక పశ్చిమ మార్కు సంపాదించాలంటే నాలుగు తూర్పు మార్కులకు పైగా ఖర్చయ్యేది. అలాంటి కంపెనీ రాత్రికి రాత్రి ఎలా నిలబడుతుంది?

నైట్ షిఫ్ట్:
నేను స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేశాను. ఒకసారి బేరింగ్ రాక మిషన్ రెండు రోజులు ఆగింది. రిజిస్టర్‌లో మాత్రం మా షిఫ్టు ఉత్పత్తి తక్కువని రాశారు, తిట్లూ మాకే. తూర్పు జర్మనీలాంటి, ప్రభుత్వమే అన్నీ నిర్ణయించే ప్రణాళిక వ్యవస్థలో ఇది రోజూ ఉండే బాధ. సరుకు ఎప్పుడొస్తుందో తెలియక మేనేజర్లు విడిభాగాలనీ మనుషులనీ అవసరానికి మించి పోగేసుకునేవాళ్లు. తలసరి లెక్క తగ్గక ఏమవుతుంది?

లెక్కల పంతులు:
ఆ కోణం నేను ఆలోచించలేదు, నిజమే. కానీ తూర్పు మార్కుకు ఒకటి కంటే తక్కువ పశ్చిమ మార్కు ఇచ్చి ఉంటే? "మార్కు వస్తే ఉంటాం, రాకపోతే మేమే దాని దగ్గరికి పోతాం" అని జనం వీధుల్లో నినాదాలిచ్చారు. పశ్చిమ జర్మనీకి వలస ఆపడం ఎవరి తరమయ్యేది?

గోదారి గట్టు:
ఒకటికి ఒకటి ఇచ్చి కూడా ఉద్యోగాలు కాపాడే దారి ఉంది. జీతంలో కొంత భాగం ప్రభుత్వమే భరించాలని 1991లోనే జార్జ్ ఎకర్లాఫ్, జానెట్ యెల్లెన్ తదితర ఆర్థికవేత్తలు సూచించారు. అది జరగలేదు. తూర్పు జర్మనీ ప్రభుత్వ కంపెనీలను ప్రైవేటుకు అమ్మడానికి పెట్టిన ట్రాయిహాండ్ సంస్థ చేతికొచ్చిన కంపెనీల్లో దాదాపు 40 లక్షల మంది ఉండేవారు, 1994 చివరికి సగానికి పైగా ఉద్యోగాలు పోయాయి. మిగిలినవాళ్లతో భాగిస్తే ఉత్పాదకత పెరిగినట్టే కనిపిస్తుంది. గేటు బయటికి పంపినవాళ్లను కూడా కలిపి లెక్క వేయండి పంతులు గారూ, అప్పుడు మాట్లాడదాం.