టాంగో సాయంత్రం: పాటల వ్యాఖ్యానం, మిగిలిన పనులు

సాంస్కృతిక విభాగం:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. డిసెంబరు 11 టాంగో గాయకుడు గార్దెల్ పుట్టినరోజు, అర్జెంటీనాలో టాంగో దినం కూడా. అందుకే ఆ వారాంతమే పెట్టుకున్నాం. బందోనియాన్ (అకార్డియన్ లాంటి వాద్యం) వాయించే ఆయన, పాడే ఆవిడ వస్తామన్నారు. టాంగో డాన్సు మనవాళ్లు ఇక్కడ బ్యూనస్ ఎయిర్స్‌లో చాలాసార్లు చూశారు. ఈసారి పాటలే వింటాం, ఒక్కోదానికి ముందు తెలుగులో రెండు నిమిషాలు అర్థం చెబుతాం. మొదటిది 1917లో గార్దెల్ రికార్డు చేసిన 'మి నోచే త్రిస్తే' (నా విషాద రాత్రి), చివరిది 'వోల్వెర్' (తిరిగి రావడం).

వ్యాఖ్యానం:
అక్కా, మొదటి పాటకి "విరహాగ్నిలో దహించుకుపోతున్న ప్రియుడు" అని మొదలుపెట్టాను. చూసి చెప్పండి.

సాంస్కృతిక విభాగం:
చూశాను తమ్ముడూ. కష్టపడి రాశావు, కానీ ఆ అగ్ని తీసేద్దాం. కోంతూర్సి రాసిన ఆ పాటలో ఉన్నదల్లా ఆమె వెళ్లిపోయిన గది. బీరువాలో గిటారు వేలాడుతోంది, మీటేవాళ్లు లేరు. అద్దం ఏడ్చినట్టు మసకబారింది. రాత్రి తలుపు వేసుకోలేడు, తెరిచి ఉంచితే ఆమె వస్తుందేమోనని ఆశ.

నాకు గొంతు పట్టేసేది మాత్రం బిస్కట్ల దగ్గర. ఆమె ఉన్నప్పటిలాగే ఇప్పటికీ మాతేలోకి (ఇక్కడి టీ లాంటి ఆకు పానీయం) బిస్కట్లు తెచ్చుకుంటాడు. మాతే ఎలా తాగుతారో ముందు చెప్పు. ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం, ఒకరి తర్వాత ఒకరు. ఎంగిలి అనుకోరు. నేను వచ్చిన కొత్తలో పక్కింటావిడ అందిస్తే నాకు చెయ్యి ముందుకు రాలేదు. ఇప్పుడు ఆదివారం ఆవిడ పిలవకపోతే వెలితిగా ఉంటుంది. ఎంగిలి పట్టింపు లేనంత దగ్గరి మనిషి వదిలి వెళ్లిపోయాక కూడా ఆ బిస్కట్లు తెస్తున్నాడని చెప్పు, మనవాళ్లకి అందుతుంది.

ఇంకోటి. మొదటి పంక్తిలో ఆమెని పిలిచిన మాట లున్‌ఫార్దో, ఈ ఊరి వీధి భాష. "ఓ ప్రేయసీ" అనొద్దు. "నన్నొదిలేసి పోయావు కదే" అంటే దానికి దగ్గరగా ఉంటుంది.

సౌండ్:
అమ్మా, ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలం, ఆ ఎండల్లో ఫ్యాన్లు ఆపితే జనం కూర్చోలేరు. వేస్తే బందోనియాన్ సన్నగా వాయించేచోట ఏమీ వినబడదు.

సాంస్కృతిక విభాగం:
అన్నయ్యా, పాట నడిచినంతసేపు ఆపేద్దాం, వ్యాఖ్యానం అప్పుడు వేద్దాం.

వ్యాఖ్యానం:
అక్కా, 'వోల్వెర్'కి ముందు విమాన ప్రమాదం సంగతి చెప్పనా?

సాంస్కృతిక విభాగం:
పాట అయ్యాక చెప్పు. గార్దెల్ దాన్ని 1935 సినిమాలో పాడాడు. ఆ ఏడాదే జూన్ 24న కొలంబియాలోని మెడెయిన్‌లో ఆయనా, మాటలు రాసిన లె పేరా ఇద్దరూ పోయారు. ముందే చెబితే అందరూ చావునే వింటారు. పాటలో మనిషి తిరిగొస్తున్నాడు. ఇరవై ఏళ్లు ఒక లెక్కా అంటాడు, కానీ కణతలు నెరిశాయి, గతం ఎదురుపడుతుందేమోనని భయం. ఇంటికెళ్లి పదేళ్లయినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లని ఆ పాట విననిద్దాం.

వ్యాఖ్యానం:
సరే అక్కా, రాత్రికి మార్చి పెడతాను. బిస్కట్లు నేను తెస్తాను.

సాంస్కృతిక విభాగం:
మాతే బుర్రలు నా దగ్గర నాలుగున్నాయి. ఇంకో ఆరు కావాలి, ఎవరైనా ఇవ్వగలరా?