క్లౌడ్ సర్వర్ డిస్క్ బ్యాకప్: షెడ్యూల్‌కు వదిలేయాలా, మనిషే తీయాలా?

పెన్నాగట్టు (నెల్లూరు)
మా ఆఫీసు రొయ్యల మేత డీలర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. సర్వర్ అమెజాన్ క్లౌడ్‌లో, ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) ఉంది. రోజూ రాత్రి మా సీనియర్ కన్సోల్ తెరిచి డిస్కుకు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో ఆ కాపీ) తీస్తారు. ఆయన ఊరెళ్తే ఆ రాత్రి బ్యాకప్ లేనట్టే. అమెజాన్‌దే డేటా లైఫ్‌సైకిల్ మేనేజర్ అనే టూల్ ఉంది, అందులో పాలసీ (ఆటోమేటిక్ షెడ్యూల్) పెడదాం, రోజూ ఒంటిగంటకు ఒకటి తీసి ఏడు దాటిన పాతవి అదే తీసేస్తుంది అంటే ఆయన ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఒంగోలుగిత్త
ఆయన చెప్పిందే కరెక్టు. ఆ పాలసీలో డిస్కుల్ని ట్యాగ్‌తో (మనం డిస్కుకు పెట్టే గుర్తు) ఎంచుతారు. ట్యాగ్ లేని డిస్కు జోలికి అది పోదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట గ్రానైట్ క్వారీల లెక్కలు పెరిగాయని కొత్త డిస్కు తగిలించారు, ట్యాగ్ పెట్టలేదు. పాత డిస్కుకు స్నాప్‌షాట్లు వస్తూనే ఉన్నాయి, పాలసీ ఆన్‌లోనే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరో ఆ కొత్త డిస్కు డిలీట్ చేశాక వెతికితే దాని స్నాప్‌షాట్ ఒక్కటీ లేదు. చేత్తో తీసే మనిషి ఉంటే రెండో డిస్కు మొదటి రాత్రే కంట్లో పడేది.

కందుకూరోడు
ఏడు స్నాప్‌షాట్లంటే ఏడు డిస్కుల డబ్బులు కదన్నా?

పెన్నాగట్టు
కాదు. మొదటిది పూర్తి కాపీ, ఆ తర్వాతవి మారిన బ్లాకులు (డిస్కులోని చిన్న చిన్న ముక్కలు) మాత్రమే. పాలసీకి విడిగా చార్జీ లేదు, నిల్వకే బిల్లు.

కందుకూరోడు
మరి మొదటిది తీసేస్తే మిగతావన్నీ పోయినట్టేగా?

మైపాడు అల
పోవు. మిగిలినవాటికి కావలసిన బ్లాకులు అలాగే ఉంటాయి. ఇంకోటి, టైమ్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైమ్) ఇవ్వాలి. మన ఒంటిగంటకు కావాలంటే 19:30 అని రాయండి.

ఒంగోలుగిత్త
బిల్లు సంగతి వదిలేయండి. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్ల కోడ్ దాచే కంపెనీ) ఏం జరిగింది? అసలు డేటాబేస్ పొరపాటున డిలీట్ అయింది. ఆటోమేటిక్ బ్యాకప్‌లు చూస్తే రోజువారీ డంపులు (డేటాబేస్ కాపీ ఫైళ్లు) ఫెయిలవుతున్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరలేదు. చివరికి ఆదుకున్నది ఒక ఇంజినీరు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్. చేత్తో అన్నా!

పెన్నాగట్టు
అది బ్యాకప్ కోసం తీసింది కాదన్నా, టెస్టింగ్ సర్వర్‌కు డేటా కావాలని తీశారు. ఆ రోజు ఆ అవసరం పడకపోతే? మా కథ వినండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు నెల్లూరులో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ముంబైలో సర్వర్ బ్రహ్మాండంగా నడుస్తోంది, బటన్ నొక్కాల్సిన మనిషి మాత్రం చీకట్లో కూర్చున్నాడు. వాన తగ్గేదాకా బ్యాకప్ లేదు. అది మా సీనియర్ తప్పని నేను అనను. ఒక్క మనిషి మీద పెట్టడం తప్పంటాను.

ఒంగోలుగిత్త
ట్యాగ్ గురించి అడిగితే తుపాను గురించి చెప్తావేంది?

పెన్నాగట్టు
ట్యాగ్ లేని డిస్కుల్ని పట్టుకోవడానికి స్క్రిప్టు రాసుకోవచ్చు. మీకు మిషన్ మీద నమ్మకం లేదు, అంతే.

ఒంగోలుగిత్త
నమ్మకం లేనిది మిషన్ మీద కాదు తమ్ముడూ. ఆ పాలసీ పెట్టింది నేనే. పెట్టిన వారంలోనే ఓనరు పిలిచి "అంతా అదే చేసుకుంటోందిగా, ఇక నీకేం పని" అన్నాడు. సర్వర్ల బాధ్యత తీసేసి నన్ను సేల్స్‌లో వేశాడు. కొత్త డిస్కు తగిలించినప్పుడు చూసే దిక్కు లేదు. డేటా పోయినప్పుడు మాత్రం ఫోన్ నాకే వచ్చింది. మీ సీనియర్ భయం కూడా అదే అయ్యుంటుంది. ఒకసారి అడిగి చూడు.

మైపాడు అల
మూడు రోజుల నుంచి ట్యాగ్ ట్యాగ్ అన్నారు. ఇది ముందే చెప్పి ఉండాల్సింది.

కనిగిరి
ఇద్దరూ తీసేదాని గురించే కొట్లాడుతున్నారు. తిరిగి ఎక్కించి చూశారా? స్నాప్‌షాట్ నుంచి కొత్త డిస్కు చేసి, వేరే సర్వర్‌కు తగిలించి, డేటాబేస్ లేపి, నిన్నటి చివరి బిల్లు ఉందో లేదో చూడాలి. నడుస్తున్న డేటాబేస్ మీద తీసిన స్నాప్‌షాట్ అంటే కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలాంటిది. చాలాసార్లు లేస్తుంది, లేవకపోతే ఆ సంగతి ముందే తెలియాలి. అన్నీ ఒకే అకౌంటులో పెట్టొద్దు. 2014లో కోడ్‌స్పేసెస్ అనే కోడ్ దాచే కంపెనీ అమెజాన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఎవడో దూరి డేటాతో పాటు బ్యాకప్‌లు కూడా తుడిచేస్తే కంపెనీయే మూతబడింది. ఇప్పుడు హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, ఒక కాపీ అక్కడ వేరే అకౌంటులో పెట్టుకోండి.

పెన్నాగట్టు
అన్నా, సేల్స్‌లో వేసిన సంగతి తెలియక గట్టిగా మాట్లాడాను. పాలసీ పెట్టాలన్నదే ఇప్పటికీ నా మాట. కానీ నెలనెలా ఎక్కించి చూడటం, ట్యాగ్‌లు సరిచూడటం సీనియర్ పని అని ఓనరు చేత మెయిల్‌లో రాయిస్తాను. ఆ మెయిల్ వచ్చాకే ఆన్ చేస్తాను.

ఒంగోలుగిత్త
ఎక్కించి చూసే గంటలు డ్యూటీలో లెక్కేస్తారా? అది కూడా రాయించు. లేకపోతే ఆదివారాలు కూర్చోబెడతారు.

పెన్నాగట్టు
రాయిస్తాను.

ఒంగోలుగిత్త
సరే, ముందు మీ సర్వర్‌కు ఎన్ని డిస్కులు తగిలి ఉన్నాయో, వాటిలో ట్యాగ్ లేనివి ఏవో చూసి ఇక్కడ పెట్టు. రాత్రికి చూస్తాను.