తుపాకీ లైసెన్స్ ఫారం దగ్గరే ఆగిపోయాను, తెలిసినవాళ్లు చెప్పండి

మక్క రైతు: పొద్దున పది నుంచి ఈ ఆన్‌లైన్ ఫారంతోనే కుస్తీ. ఆయుధం ఏ రకం అంటుంది, షాట్‌గన్ అన్న మాటే కనబడదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ పెట్టమంటుంది, ఎవరిస్తారో తెలియదు. ఒక ఆఫీసుకు పోతే "ఇక్కడ కాదు" అని పంపించేశారు. మొన్న ఒక్క రాత్రిలో పందులు అరెకరం మక్క తొక్కేశాయి. మొదటిసారి అప్లై చేస్తున్నా. ఏం చేయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత స్టేషన్ రైటర్: మీది పోలీసు కమిషనరేట్ పరిధా, కాదా? తుపాకీ ప్రాణరక్షణకా, పంట కాపలాకా? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

అడవి అంచు: అన్నా, మీ బాధ నాకు తెలుసు, మాదీ అడవి పక్క ఊరే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. తుపాకీ లైసెన్స్ వచ్చినంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేశాక అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల పట్టికలో ఉంది. కాల్చాలంటే 11వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి వేరే తీసుకోవాలి. ఇది తెలియక కేసుల్లో ఇరుక్కున్న రైతులున్నారు. ఈలోపు మక్క చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేసి చూడండి, ఆ వాసనకు పంది లోపలికి రావడానికి వెనకాడుతుంది. కరెంటు తీగలు మాత్రం పెట్టకండి, దండం పెడతా. మా దగ్గర రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషే పోయాడు.

పన్నెండు బోర్: ఆయన అడిగింది ఫారం గురించి. షాట్‌గన్ అని వెతికితే దొరకదు బ్రదర్, లైసెన్స్ కాగితాల్లో రాసేది ఎస్‌బీబీఎల్, డీబీబీఎల్ అని. ఒక గొట్టమా, రెండు గొట్టాలా అన్నదే తేడా, రెండూ వెనక నుంచి తూటా పెట్టేవే. 12 బోర్ అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌండు బరువు. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపలాకు మొదట చెప్పింది ముందు నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకీ, అంటే మీరు వెతికే షాట్‌గన్ లాంటిది ఇవ్వొచ్చు.

గట్టు మీద: మందు కూరేది అంటే నాటు తుపాకీ కదా. అది ఉంటే అరెస్టు చేస్తారు.

పన్నెండు బోర్: అదే తప్పు! లైసెన్స్ ఉన్న మందు తుపాకీ వేరు, ఊళ్లో దొంగతనంగా చేయించుకున్నది వేరు. పేపర్ల వాళ్లు రెండింటినీ నాటు తుపాకీ అని రాసి కలిపేశారు.

గట్టు మీద: మా తాత దానికి లైసెన్స్ ఉండేది, మేమూ నాటు తుపాకీ అనే అనేవాళ్లం. పేపర్ల వాళ్లు నేర్పిన మాట కాదు.

మక్క రైతు: అందరికీ నమస్తే. మాది కమిషనరేట్ కిందికే వస్తుంది. పంట కోసమే. కొత్తది కొనేది లేదు, మా నాన్న డబుల్ బ్యారెల్ ఉంది, బీరువాలో. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయన లైసెన్స్ బుక్కు కూడా ఉంది.

పాత స్టేషన్ రైటర్: ఇది మొదటే చెప్పాల్సింది. ఫారం పక్కన పెట్టండి. లైసెన్స్ ఆయన పేరు మీద ఉంది, మీ పేరు మీద లేదు. అది మీ ఇంట్లో ఉండటమే నేరం. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. తూటాలు ఉంటే అవి కూడా. రసీదు తీసుకోండి.

పాత స్టేషన్ రైటర్: తర్వాత 2016 ఆయుధాల రూల్స్‌లో 25వ రూలు, వారసులకు లైసెన్స్. ఏ-1 ఫారం, మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల నుంచి అభ్యంతరం లేదని కాగితం. ఆరోగ్యం గురించి డాక్టర్ సంతకం ఎస్-3 ఫారంలో. ట్రైనింగ్‌ది ఎస్-1 ఫారం, గుర్తింపు ఉన్న ట్రైనర్ ఇస్తాడు. కమిషనరేట్ అన్నారు కాబట్టి కలెక్టర్ ఆఫీసు కాదు, కమిషనర్ ఆఫీసులో ఆయుధాల సెక్షన్ అడగండి. కాదంటే కారణం రాసివ్వమనండి, అప్పీలుకు అదే కావాలి.

గట్టు మీద: నాన్న బతికుండగానే మార్పించుకోవాల్సింది. లైసెన్స్ ఉన్నాయనకు 70 ఏళ్లు నిండితే వారసుడికి ఇవ్వొచ్చు.

పన్నెండు బోర్: 70 ఒక్కటే కాదు, 25 ఏళ్లు దగ్గర ఉంచుకున్నా ఇవ్వొచ్చు. ఇప్పుడు ఆయనకు అది చెప్పి ఏం లాభం.

అడవి అంచు: ఆముదం సంగతి మర్చిపోకండి అన్నా.

మక్క రైతు: స్టేషన్‌లో ఇచ్చి వచ్చాను, రసీదు ఇచ్చారు. థాంక్స్ అన్నా. అక్క దుబాయ్‌లో ఉంది, ఆమె కాగితం అక్కడి నుంచి పంపితే చెల్లుతుందా?