స్పాయిలర్‌ను ‘విడుపు’ అందామా?

మా అమ్మాయి కావలిలో అద్దె పుస్తకాల షాపు నుంచి ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకుంది. ఇరవయ్యో పేజీలో ఒక పేరు కింద పెన్సిల్ గీత, పక్కనే ‘వీడే హంతకుడు’ అని రాత. పిల్ల పుస్తకం మూసేసింది, మళ్లీ ముట్టుకోలేదు. నాకూ చాలా బాధేసింది. ఈ పాడుపనికి మన భాషలో పేరు లేదా?

‘లీకు’ సరిపోదు. విడుదలకు ముందే బయటికి పొక్కితే అది లీకు. ఈ నవల వచ్చి ఎన్నో ఏళ్లయింది. ‘గుట్టు రట్టు చేయడం’లో దాచినవాడిదే తప్పన్న ధ్వని ఉంది. కథ దాచిపెట్టిన రచయిత ఏం తప్పు చేశాడు?

నాకు పొడుపు కథ తట్టింది. దాని జవాబును విడుపు అంటాం. మా నాయనమ్మ ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని వేసి, వక్కాకు నములుతూ కూర్చునేది. తెలిసిన పెద్దపిల్ల నోరు తెరవబోతే ‘నువ్వు చెప్పబాక, వాణ్ణి విప్పనీ’ అనేది. మేం ఓడిపోయాం అంటేనే విడుపు. ఇది కొత్తగా వినేవాళ్లు ఉంటారు కాబట్టి జవాబు ఇక్కడ రాయను.

అందుకే ‘ఇందులో విడుపు ఉంది, చూడనివాళ్లు చదవబాకండి’ అని రాస్తే ఎలా ఉంటుంది?

ఒంగోలు నుంచి:
మాట బాగుంది అన్నా. ఒక్క సందేహం. భారతం కథ ఎవరికి తెలియదు? కీచకుడు చస్తాడని తెలిసీ జనం తెల్లవార్లూ నాటకం చూస్తారు. పద్యం బాగుంటే ‘వన్స్ మోర్’ అని మళ్లీ పాడించుకుంటారు. ముందే తెలిస్తే రుచి పోతుందనడం మనకు కొత్తేమో.

కావలి నుంచి:
మంచి ప్రశ్న తమ్ముడూ. మన నెల్లూరు తిక్కన గారు భారతంలో 15 పర్వాలు రాశారు, మొదలుపెట్టింది విరాటపర్వంతోనే. వలలుడెవరో, బృహన్నల ఎవరో మనకు ముందే తెలుసు. విరాటుడికి తెలియదు. మన టెన్షనంతా అక్కడే, ఏడాది నిండకుండా బయటపడితే మళ్లీ 12 ఏళ్లు అడవి. ఎవరికి ఎప్పుడు తెలియాలో కథ చెప్పేవాడు చూసుకుంటాడు. పెన్సిల్ పట్టుకున్నాయన ఆ పని రచయిత చేతిలోంచి లాక్కున్నాడు. తెలిసిన కథను ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు, తెలియకుండా చదివేది ఒక్కసారే కదా.

కందుకూరు నుంచి:
విరాటపర్వం ఎత్తారు కాబట్టి ఉత్తరుణ్ణి మరవకండి. జమ్మిచెట్టు దగ్గర బృహన్నల తానే అర్జునుణ్ణని చెబితే నమ్మక, పది పేర్లూ చెప్పించుకున్నాడు. కౌరవులు ఓడి వెళ్లాక, మేమెవరమో మీ నాన్నకు చెప్పవద్దన్నాడు అర్జునుడు, నువ్వే గెలిచానని చెప్పుకోమన్నాడు. ప్రగల్భాలకు పేరుపడ్డవాడు కదా, గెలుపు తన మీద వేసుకోవచ్చు. వేసుకోలేదు. ఒక దేవకుమారుడు వచ్చి గెలిపించాడని, త్వరలో కనిపిస్తాడని తండ్రికి చెప్పాడు. గొప్పలు పోలేదు, విడుపూ చెప్పలేదు. నాకు ఆ పర్వంలో అందరికన్నా అక్కడ ఉత్తరుడే ఇష్టం.

లండన్‌లో 1952లో మొదలైన మౌస్‌ట్రాప్ నాటకం చివర కూడా, హంతకుడెవరో బయట చెప్పవద్దని ప్రేక్షకులను అడుగుతారు. అర్జునుడు అడిగినదీ అలాంటిదే.

ఒంగోలు నుంచి:
ఒప్పుకున్నాను మాస్టారూ. మరి క్రియ? ‘విడుపు చేశాడు’ నోటికి ఎక్కడం లేదు.

కావలి నుంచి:
‘కథ విప్పేశాడు’ అంటే చాలనుకుంటా. నిన్న సెకండ్ షో క్యూలో నా వెనక కుర్రాడు ఫోన్లో ఎవరికో క్లైమాక్స్ చెప్పేస్తున్నాడు. ‘బాబూ, నేనింకా చూడలేదు, విప్పబాక’ అన్నాను. ఆ మాట వాడెన్నడూ విని ఉండడు. అయినా ‘సారీ అంకుల్’ అని దూరంగా వెళ్లి మాట్లాడుకున్నాడు.